బ్యాటరీ మార్చిన తేదీ

కళ్ళ ఆసుపత్రిలో అతన్ని అందరూ కంప్యూటరబ్బాయి అనే అంటారు. అబ్బాయేమిటి, నలభై ఏడు దాటాయి, చెవుల పక్కన జుట్టు నెరిసింది, కూతురు కాలేజీకి వెళుతోంది. ఇరవై రెండేళ్ళప్పుడు ఉద్యోగంలో చేరిన రోజు పడ్డ పేరు అలాగే అతుక్కుపోయింది. మనిషి మంచివాడే. ఎవరి కంప్యూటరు మొరాయించినా విసుక్కోకుండా వెళ్ళి చూస్తాడు. "నేనేం ముట్టుకోలేదండీ, దానంతటదే పోయింది" అనే నర్సులను ఏనాడూ నిలదీయలేదు. అలాంటివాడు ఒక పెద్దమనిషికి ఎంత అన్యాయం చేశాడో చెబితే మీరు నమ్మరు. అయినా చెప్పక తప్పదు.

రెండో అంతస్తులో మందుల గోదాము పక్కన కిటికీ లేని ఇరుకు గది అతనిది. అందులో సగం సర్వరే ఆక్రమించింది. ఆసుపత్రికి వచ్చే ప్రతి రోగి కంటి కొలతలూ, ఫోటోలూ, వాడిన చుక్కల వివరాలూ అన్నీ దాని పొట్టలోనే ఉంటాయి. దాని కాళ్ళ దగ్గర ఒక నల్ల పెట్టె, యూపీఎస్. కరెంటు పోతే బ్యాటరీల మీద సర్వరును కాసేపు నడుపుతుంది. మూడేళ్ళ కిందట ఒకసారి కరెంటు పోయినప్పుడు ఎవరూ చూసుకోక ఆ పెట్టె కాస్తా ఖాళీ అయింది, సర్వరు దభాలున ఆరిపోయింది. పెద్ద డాక్టరమ్మ, అంటే ఆసుపత్రి సూపరింటెండెంటు, అతన్ని చెడామడా తిట్టింది. ఆ తిట్ల పుణ్యమా అని ఆ వారమే కొత్త బ్యాటరీలు వేయించి, కరెంటును కాపలా కాసే సాఫ్ట్‌వేర్ పెట్టాడు.

పెట్టడం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. యూపీఎస్ వెనకనుంచి సన్నటి కేబుల్ తెచ్చి సర్వరుకు గుచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. కరెంటు పోగానే ఎవరికి కబురు పంపాలో, బ్యాటరీ ఎంతకు దిగితే ఫైళ్ళన్నీ పద్ధతిగా మూసి సర్వరును నిద్రపుచ్చాలో రాసిపెట్టాడు. ఒక్కటి మాత్రం అది తనంతట తాను తెలుసుకోలేదు. బ్యాటరీలు ఏ రోజు మార్చారన్నది మనిషే చెప్పాలి. ఆ తేదీనిబట్టి అది వాటి వయసు లెక్కగట్టి, కరెంటు పోతే ఎన్ని నిమిషాలు ఆగగలవో తెర మీద చూపిస్తుంది. మనం చెప్పింది నమ్మడం తప్ప దానికి వేరే దారి లేదు.

పరీక్షించిన రోజున ప్లగ్గు పీకింది బాబాయ్. బాబాయ్ అంటే ఆసుపత్రి ఎలక్ట్రీషియన్. ఊడ్చేవాళ్ళ నుంచి డాక్టర్ల దాకా అందరికీ ఆయన బాబాయే, కంప్యూటరబ్బాయికి మాత్రం ఇంకాస్త ఎక్కువ బాబాయ్. చేరిన కొత్తలో ఒకసారి ఇతను ఊడిన వైరు మీద చెయ్యి వేయబోతుంటే వెనకనుంచి చొక్కా పట్టి లాగి, "ఒరేయ్, నీకేమన్నా మతి పోయిందా!" అని అరిచాడు. అప్పటి నుంచి పదకొండింటి టీ ఇద్దరూ కలిసే తాగుతారు. ఆ పరీక్ష రోజున సాఫ్ట్‌వేర్ చెప్పినట్టే సర్వరు బుద్ధిగా నిద్రపోవడం చూసి బాబాయ్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "ఇంక నాకు బెంగలేదురా. నువ్వు ఆగుతుందంటే ఆగుతుంది, నేను ధైర్యంగా స్విచ్చి దించుతా" అన్నాడు.

రెండున్నరేళ్ళు గడిచాయి. బ్యాటరీలకు వయసైపోయింది. సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసింది, తెర మీద ఎర్ర గుర్తు పెట్టి "బ్యాటరీలు మార్చండి" అంది. యూపీఎస్ కూడా నాలుగేసి గంటలకోసారి కీచుమని అరవడం మొదలెట్టింది. కంప్యూటరబ్బాయి కొత్త బ్యాటరీలు తెప్పించాడు కూడా. అవి అట్టపెట్టెలో అతని బల్ల కిందే కూర్చున్నాయి. మార్చాలంటే సర్వరును అరగంట ఆపాలి. ఆపాలంటే డాక్టరమ్మ ఒప్పుకోవాలి. ఆవిడ ప్రతిసారీ "ఈవారం రద్దీగా ఉందయ్యా, ఆదివారం వచ్చి చేసుకోరాదూ?" అనేది. ఒక ఆదివారం కూతురి ఈత పోటీలు. ఇంకో ఆదివారం జ్వరం. మూడో ఆదివారం, నిజం చెప్పాలంటే, ఉత్త బద్ధకం.

ఇంతలో తనిఖీవాళ్ళు వస్తున్నారన్నారు. ఎర్ర గుర్తు చూస్తే వంద ప్రశ్నలు వేస్తారు. పక్క గోదాములో పనిచేసే ఆవిడ "ఆ కీచురాయిని ఆపండి మహాప్రభో, తల పగిలిపోతోంది" అని రెండుసార్లు వచ్చి వెళ్ళింది. అప్పుడు అతనికా పాడు ఆలోచన వచ్చింది. సాఫ్ట్‌వేర్ తెరిచి, బ్యాటరీ మార్చిన తేదీ అన్నచోట ఆ రోజు తేదీ కొట్టాడు. అంతే. ఎర్ర గుర్తు పోయి పచ్చ గుర్తు వచ్చింది, కీచురాయి నోరు మూసింది. వచ్చే ఆదివారం ఎలాగూ మార్చేస్తాను కదా, నాలుగు రోజుల ముందు రాస్తే కొంపేం మునుగుతుంది అనుకున్నాడు. ఎర్ర గుర్తు లేకపోయేసరికి ఆ ఆదివారం సంగతే మర్చిపోయాడు. ఐదు నెలలు మర్చిపోయాడు.

ఆ సోమవారం పొద్దున పదిన్నర దాటాక బాబాయ్ తలుపులోంచి తల పెట్టాడు.

"ఒరేయ్, కింద ప్యానెల్లో ఒక వైరు కాలిపోయేటట్టు వేడెక్కింది. బిగించాలి. ఐదు నిమిషాలు ఈ బ్లాకుకి కరెంటు తీస్తా. నీ సర్వరు ఆగుతుందా?"

కంప్యూటరబ్బాయి తెర వంక చూశాడు. పచ్చ గుర్తు పక్కన ఇరవై రెండు నిమిషాలని ఉంది. "ఇరవై రెండు నిమిషాలు ఆగుతుంది బాబాయ్. తీరిగ్గా చేసుకో" అన్నాడు. ఆ క్షణాన అతనికి తేదీ సంగతి గుర్తే లేదు. అంతవరకు తప్పు తప్పే, పాపం కాదు.

కరెంటు పోయిన నిమిషానికి యూపీఎస్ ఒక్క అరుపు అరిచి చచ్చిపోయింది. సర్వరును పద్ధతిగా నిద్రపుచ్చే వ్యవధి సాఫ్ట్‌వేర్‌కు చిక్కలేదు, అదీ ఆరిపోయింది. గదంతా కటిక చీకటి, నిశ్శబ్దం. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, తేదీ సంగతి. బల్ల పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

ఆ రోజు ఆసుపత్రి పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. రోగుల వివరాలుండే ఫైలు మధ్యలో తెగి పాడైపోయింది. ముందురోజు దాచిన నకలు ఎక్కించేసరికి సాయంత్రమైంది. పొద్దుటి నుంచి తీసిన ముప్పై ఎనిమిది మంది కొలతలు గల్లంతయ్యాయి. అందరికీ కళ్ళలో చుక్కలు వేసి ఉన్నాయి, ఎవరికీ ఏదీ సరిగా కనబడదు. రేపు మళ్ళీ రండని చెబితే ఒక ముసలావిడ గోడ తడుముకుంటూ వచ్చి, కంప్యూటరబ్బాయిని డాక్టరనుకుని చెయ్యి పట్టుకుంది. "రెండు బస్సులు మారి వచ్చాను నాయనా. నేనేమన్నా తప్పు చేశానా?" అని అడిగింది. "లేదమ్మా, మీరేం చేయలేదు" అన్నాడు. ఎవరు చేశారో మాత్రం చెప్పలేదు.

మర్నాడు డాక్టరమ్మ గదిలో పంచాయితీ జరిగింది. "ఎంతసేపు తీశారు కరెంటు?" అని బాబాయ్‌ని అడిగింది.

"ఐదు నిమిషాలు కూడా కాలేదమ్మా. నాలుగుంటాయి."

"నాలుగేమిటి బాబాయ్, అరగంట చీకట్లో కూర్చున్నాం మేం!" అంది రిసెప్షన్ అమ్మాయి. చీకట్లో, అంతమంది రోగుల అరుపుల మధ్య కూర్చున్నవాళ్ళకు నాలుగు నిమిషాలు అరగంటలాగే ఉంటాయి మరి.

డాక్టరమ్మ కంప్యూటరబ్బాయి వైపు తిరిగింది. "నీ సాఫ్ట్‌వేర్ ఎంతసేపు ఆగుతుందని చెప్పింది?"

"ఇరవై రెండు నిమిషాలు మేడమ్."

"అంటే ఇరవై రెండు దాటితేనే కదా సర్వరు ఆరిపోయేది?"

అదీ సమయం. నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. కంప్యూటరబ్బాయికి ఉద్యోగం గుర్తొచ్చింది, పాతికేళ్ళుగా సంపాదించుకున్న మంచిపేరు గుర్తొచ్చింది. "అంతేనండీ" అన్నాడు.

బాబాయ్ అతని వంక చూశాడు. అనుమానంగా చూసినా బాగుండేది. కంప్యూటరు అబద్ధం చెప్పదు, తన కంప్యూటరబ్బాయి అసలే చెప్పడు అన్నట్టు చూశాడు. తర్వాత తల వంచుకుని, "అయితే నాకే తెలియలేదమ్మా" అన్నాడు.

బయటికొచ్చాక వరండాలో అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరేయ్, నిజం చెప్పు. అంతసేపైందంటావా? నాకు నాలుగు నిమిషాల్లాగే అనిపించిందిరా."

"పనిలో ఉంటే టైము తెలియదులే బాబాయ్" అన్నాడు కంప్యూటరబ్బాయి, ఎంతో మెత్తగా. ఇదుగో, ఈ మెత్తదనానికే నాకు ఒళ్ళు మండుతుంది. గదిలో అన్నది భయంతో అన్నాడు, సరే. ఇది మాత్రం ప్రేమగా, ఓదార్పుగా, తెలిసి తెలిసి అన్నాడు.

డాక్టరమ్మ చెడ్డదేం కాదు. బాబాయ్‌ని ఒక్క మాట కూడా అనలేదు. "ఇన్నేళ్ళు చేశారు, ఇంక శ్రమ ఎందుకు" అని ప్యానెల్ గది తాళాలు తీసేసుకుంది. బల్బులు మార్చడం, ఫ్యాన్లు తుడిపించడం మాత్రం ఆయనకు వదిలింది. ప్యానెల్ పనికి బయటి మనిషిని పిలిపిస్తోంది. బాబాయ్ ఒక వాచీ కొనుక్కుని చేతికి పెట్టుకున్నాడు. ఏ పని మొదలెట్టినా అరచేతిలో పెన్నుతో టైము రాసుకుంటున్నాడు. బల్బు మార్చడానికి కూడా. పదకొండింటికి టీ తాగడానికి వచ్చినప్పుడు ఆ నీలం అంకెలు గ్లాసు చుట్టూ కనబడేవి. కంప్యూటరబ్బాయికి టీ గొంతు దిగేది కాదు.

పోనీ బ్యాటరీలన్నా మార్చాడా అంటే, అదీ లేదు. ఆ బరువు పెట్టెను విప్పి, వైర్లు కలపడానికి బాబాయ్ రావాలి. వస్తే ఉబ్బిపోయిన పాత బ్యాటరీలను చూస్తాడు. చూస్తే ఆయనకు క్షణంలో అర్థమవుతుంది. అందుకని గంట గంటకూ వివరాలకు నకలు తీసేలా సర్వరును సర్దుకుని, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. పొద్దున్నే గదిలోకి అడుగుపెడితే గోడ మీద తెరలో పచ్చ గుర్తు, అంతా క్షేమం అంటూ. దానికి వీపు చేసి కూర్చునేలా కుర్చీ మార్చుకున్నాడు. ఇంట్లో భార్య "ఏమైందండీ, అన్నం కెలుకుతున్నారేంటి?" అంటే "పని ఎక్కువైంది" అన్నాడు. అబద్ధం చెప్పడం ఎంత సులువుగా అలవాటైపోయిందో చూసి తనకే భయమేసింది.

మూడు వారాలు ఇలాగే గడిచాయి. ఒక బుధవారం మధ్యాహ్నం గది తలుపు దగ్గర పిన్ని నిలబడింది. బాబాయ్ భార్య. ఎప్పుడూ ఆసుపత్రికి రాని మనిషి.

"బాబూ, నీతో ఒక్క మాట. మీ బాబాయ్‌కి తెలీకుండా వచ్చాను."

కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోకుండానే చెప్పుకొచ్చింది. ఆయనకు మతి తప్పుతోందని భయం పట్టుకుందట. స్టవ్వు ముట్టుకోవడం మానేశాడట. మనవరాల్ని బడి నుంచి తీసుకురావడం మానేశాడట. "దారిలో పిల్లని ఎక్కడన్నా మర్చిపోతే?" అని ఆయనే అన్నాడట. మతిమరుపు డాక్టరు దగ్గరికి శుక్రవారం తీసుకెళుతున్నారట.

"ఆ డాక్టరు ఒక మాట అన్నారు బాబూ. ఇంట్లోవాళ్ళు సరిగా గమనించరు, రోజూ పనిలో చూసేవాళ్ళని అడగండి అన్నారు. నువ్వు పాతికేళ్ళుగా చూస్తున్నావు కదా. ఈ మధ్య ఏమేం మర్చిపోతున్నారో ఒక కాగితం మీద రాసివ్వమ్మా. ఏదీ దాచకు. నీకంటే నిజం చెప్పేవాళ్ళు మాకెవరున్నారు?"

ఆవిడ కొంగున కట్టుకొచ్చిన కాగితం మడత విప్పి బల్ల మీద పెట్టింది. పైన ఆయన పేరూ వయసూ ఎవరో పిల్లల అక్షరాల్లో రాసి ఉన్నాయి, బహుశా ఆ మనవరాలే రాసి ఉంటుంది. కిందంతా ఖాళీ. "సాయంత్రం నేనే తెచ్చిస్తాను పిన్నీ" అని ఎలాగో అన్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది.

కంప్యూటరబ్బాయి పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఏం రాయాలి? ఆయన ఏమీ మర్చిపోలేదు. ఒక్క స్క్రూ మర్చిపోలేదు, ఒక్క స్విచ్చి మర్చిపోలేదు. మర్చిపోయినవాడు ఇక్కడ కూర్చున్నాడు. ఒక మనిషి దగ్గర ఉన్న తాళాలే కాదు, ఆయన బుర్ర మీద ఆయనకున్న నమ్మకం కూడా తాను లాగేసుకున్నాడని అప్పుడు తెలిసొచ్చింది. తల బల్లకేసి కొట్టుకోవాలనిపించింది. "ఛీ, ఏం బతుకురా నీది" అని పైకే అనుకున్నాడు.

కుర్చీ తెర వైపు తిప్పుకున్నాడు. సాఫ్ట్‌వేర్ దేన్నీ మర్చిపోదు. ఏ రోజు ఏం జరిగిందో వరసగా రాసుకుంటూనే ఉంటుంది. యూపీఎస్ తన గడియారంలో గుర్తుపెట్టుకున్నది కూడా అడిగి తెచ్చుకుని అందులో కలుపుకుంటుంది. వెనక్కి వెళ్ళి ఆ సోమవారం తెరిచాడు. కరెంటు పోయినది, పది నలభై రెండు. బ్యాటరీ ఖాళీ అయినది, పది నలభై మూడు. కరెంటు వచ్చినది, పది నలభై ఆరు. ఇంకా వెనక్కి, ఐదు నెలలు వెళితే, బ్యాటరీ మార్చిన తేదీ దిద్దినది ఎవరన్నచోట తన పేరుంది. రెండూ అచ్చువేసి తీసుకుని, సాయంత్రం డ్యూటీ దిగగానే బాబాయ్ ఇంటికి నడిచాడు.

ముందు గదిలో బాబాయ్ ఒక్కడే కూర్చున్నాడు. ఎదురుగా స్టూలు మీద గడియారం. కళ్ళు మూసుకుని ఉన్నాడు. అలికిడికి తెరిచాడు.

"నువ్వా, రా. ఒక వింత చెప్తా విను. కళ్ళు మూసుకుని నాలో నేనే లెక్కపెట్టుకుంటున్నా. ఐదు నిమిషాలైందనుకుని తెరిస్తే ఐదే అవుతోందిరా. పదనుకుంటే పదే. వారం నుంచి చూస్తున్నా, ఒక్కసారీ తప్పలేదు. మరి ఆ రోజే ఏమైందో ఏమిటో."

కంప్యూటరబ్బాయి కూర్చోలేదు. "ఆ రోజు కూడా తప్పలేదు బాబాయ్. నాలుగే నిమిషాలు" అని కాగితాలు చేతికిచ్చాడు. నిలబడే అంతా చెప్పాడు. తేదీ కొట్టడం, మర్చిపోవడం, డాక్టరమ్మ గదిలో అంతేనండీ అనడం, వరండాలో అన్న మాట. ఏదీ దాచలేదు.

బాబాయ్ అద్దాలు పెట్టుకుని, అంకెల మీద వేలు పెట్టి చదివాడు. "నలభై రెండు... నలభై ఆరు. నాలుగేనా?"

"నాలుగే."

"నాలుగే కదా?" మళ్ళీ అడిగాడు. "ఏమేవ్, ఇలా రా! నాలుగేనట! నాకేం కాలేదటే!" అని లోపలికి కేకేశాడు. పిన్ని చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతున్నాడు. కంప్యూటరబ్బాయికి ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, గుండె తేలికపడింది.

తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. బాబాయ్ రెండో కాగితం ఇంకోసారి చూశాడు, తలెత్తి అతన్ని చూశాడు. "మూడు వారాలు నా ఎదురుగానే టీ తాగావు" అన్నాడు. అరవలేదు. పిన్ని ఏదో అనబోతే చెయ్యి అడ్డంపెట్టి, "వెళ్ళనీ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కంప్యూటరబ్బాయి ఆ కాగితాల నకళ్ళు డాక్టరమ్మ ముందు పెట్టాడు. "ఆ రోజే చెప్పి ఉంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని కదయ్యా" అందావిడ. సంజాయిషీ రాసిమ్మంది. బాబాయ్‌ని పిలిపించి, లేచి నిలబడి, తాళాలు ఆయన చేతిలో పెట్టి క్షమించమంది. ఇవాళే బ్యాటరీలు మార్చి తీరాలని ఇద్దరికీ చెప్పింది.

బాబాయ్ పెట్టె విప్పాడు. పాత బ్యాటరీలు ఉబ్బి, అంచులు పగిలి ఉన్నాయి. వాటిని పక్కకు నెట్టాడు. కొత్తవి పెట్టి, వైర్లు బిగించి, చేతులు తుడుచుకున్నాడు. కంప్యూటరబ్బాయి ఈసారి నిజమైన తేదీ కొట్టి, సర్వరును లేపాడు. ఇంక మిగిలింది ఒకసారి కరెంటు తీసి చూడడం. అప్పటికి పదకొండైంది. "టీ తెప్పించనా బాబాయ్?" అన్నాడు. ఆయన విననట్టే ఉన్నాడు.

"కింద కరెంటు తీస్తాను. ఎన్ని నిమిషాలు ఆగుతుందండీ మీ సర్వరు?"

పాతికేళ్ళలో ఆయన నోటి వెంట తనకు అండీ రావడం అదే మొదటిసారి. తిట్టినా, కొట్టినా ఇంత దూరం నెట్టినట్టు ఉండేది కాదు. కంప్యూటరబ్బాయి తెర చూశాడు. "ఇరవై ఆరు" అన్నాడు.

బాబాయ్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పెన్నుతో సహా అతని ముందు పెట్టాడు.

"అది ఇందులో రాసి, సంతకం పెట్టండి. అప్పుడు తీస్తాను."

కంప్యూటరబ్బాయి రాశాడు. సంతకం పెట్టాడు. బాబాయ్ అంకె సరిచూసుకుని, పుస్తకం జేబులో పెట్టుకుని, ప్యానెల్ గదికి మెట్లు దిగి వెళ్ళాడు.